ఆన్‌లైన్ టీవీ, దొంగ కాపీ, హలాల్ సంపాదన

కోనసీమలోని ఒక చిన్న పట్టణంలో సెల్‌ఫోన్ దుకాణం నడుపుకుంటున్న ఒక యువ సోదరుడు మాకు ఉత్తరం రాశాడు. దాని సారాంశం ఇది:

రీఛార్జీలు, రిపేర్లతో పాటు కొత్త సినిమాలు, సీరియళ్ళు పెన్‌డ్రైవుల్లో ఎక్కించి ఇస్తుంటాడు. ఈమధ్య అన్ని ఛానళ్ళూ, అన్ని ఓటీటీలూ ఒకేచోట వచ్చేలా ఒక పెట్టెను కూడా ఇళ్ళలో అమర్చి, నెలనెలా కొంత సొమ్ము తీసుకుంటున్నాడు. ఆ సొమ్ముతోనే తల్లికి మందులు కొంటున్నాడు, చెల్లెలి పెళ్ళి కోసం చీటీ కడుతున్నాడు. ఒక జుమా నాడు మస్జిదులో హలాల్ సంపాదన గురించి ప్రసంగం విన్నప్పటి నుంచి అతనికి మనశ్శాంతి లేదు. 'నేను ఎవరి జేబులోనూ చెయ్యి పెట్టలేదు. నేను కాపీ తీసినంత మాత్రాన వాళ్ళ దగ్గరున్నది తరిగిపోలేదు. అయినా ఇది హరామ్ అవుతుందా?' అన్నది అతని ప్రశ్న.

ఈ ప్రశ్న ఆ ఒక్క సోదరునిది మాత్రమే కాదు. దొంగ కాపీ చూడని ఇల్లు ఈనాడు అరుదు. నమాజు, ఉపవాసాలు శ్రద్ధగా పాటించే కుటుంబాలు కూడా దీన్ని తప్పుగా ఎంచడం లేదు. కనుక ముందు విషయాన్ని అర్థం చేసుకుని, ఆ తర్వాత ధర్మాదేశాన్ని పరిశీలిద్దాం.

కంటికి కనిపించని తాళం

2016 డిసెంబరు 29న అప్పటి తూర్పు గోదావరి జిల్లా, సఖినేటిపల్లి మండలంలోని మోరి గ్రామంలో రాష్ట్ర ప్రభుత్వం ఫైబర్ గ్రిడ్ సేవలను ప్రారంభించింది. ఇప్పుడు ఆ గ్రామం కోనసీమ జిల్లాలో ఉంది. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, ఫోను, టీవీ మూడూ ఒకే తీగ మీద ఇస్తామన్నారు. సముద్ర తీరానికి దగ్గరలో, కొబ్బరి తోటల మధ్య ఉన్న పల్లెకు వెంట్రుకంత సన్నని గాజు తీగ మీద టీవీ బొమ్మ వచ్చింది. ఆనాటి నుంచి మన డెల్టాలో టీవీ అంటే యాంటెన్నా, డిష్షు మాత్రమే కాదు, ఇంటర్నెట్టు కూడా.

అయితే తీగ వేరు, ఆ తీగ మీద వచ్చే కార్యక్రమం వేరు. తీగ వేసినవాడు కార్యక్రమానికి యజమాని కాడు. ఛానలు వారి దగ్గర అనుమతి తీసుకుని, దానికి సొమ్ము చెల్లించి, మన ఇంటికి చేరుస్తాడు. చెల్లించినవారికే అది కనిపించాలి కాబట్టి దానికి తాళం వేస్తారు.

ఆ తాళం ఇలా పనిచేస్తుంది. బొమ్మనూ ధ్వనినీ అంకెలుగా మార్చి, ఆ అంకెలను గజిబిజి చేసి పంపుతారు. మధ్యలో ఎవరైనా పట్టుకున్నా వారికి అర్థం కాదు. మనం యాప్ తెరిచి కార్యక్రమం నొక్కగానే, మన ఫోను కంపెనీ వారి కంప్యూటరును తాళంచెవి అడుగుతుంది. మనం చందాదారులమో కాదో చూసుకుని అది చెవిని పంపుతుంది. ఆ చెవి మన చేతికి రాదు. ఫోనులోనే ఒక భద్రమైన చోట ఉండి, బొమ్మను విప్పి తెరకు అందిస్తుంది. గూగుల్ వారి వైడ్‌వైన్, ఆపిల్ వారి ఫెయిర్‌ప్లే, మైక్రోసాఫ్ట్ వారి ప్లేరెడీ ఇలాంటి తాళాలే. కొన్ని ఫోన్లలో చందా కట్టినా బొమ్మ మసకగా రావడానికి ఒక కారణం, ఆ ఫోనులో చెవిని దాచే గట్టి గది లేకపోవడమే.

ఇంకొక రక్షణ కూడా ఉంది. టీవీ చూస్తుండగా తెర మీద ఒక్కసారిగా కొన్ని అంకెలు మెరిసి మాయమవడం మీరు గమనించే ఉంటారు. అది మన సెట్‌టాప్ బాక్సు గుర్తు. ఎవరైనా ఆ తెరను రికార్డు చేసి బయట పెడితే, ఏ పెట్టె నుంచి వెళ్ళిందో ఆ అంకెలు చెబుతాయి. ఆన్‌లైన్ టీవీలో కంటికి కనిపించకుండానే ఇలాంటి గుర్తులు వేసే పద్ధతులున్నాయి.

ఇక దేశాల హద్దులు. ఒక కార్యక్రమం హక్కును భారతదేశానికి ఒకరికి, గల్ఫ్ దేశాలకు మరొకరికి అమ్ముతుంటారు. ఉభయ గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్ళి పనిచేసుకుంటున్న మన సోదర సోదరీమణులకు, ఇంటి దగ్గర వచ్చే కార్యక్రమం అక్కడ రాకపోవడానికి కారణం ఇదే.

'తరిగిపోలేదు కదా' అనేవారికి

ఇప్పుడు ఉత్తరం రాసిన సోదరుని వాదనకు వద్దాం. కాపీ తీస్తే అసలు తరిగిపోదు అన్నది నిజమే. గుడ్డ దొంగిలిస్తే దుకాణంలో గుడ్డ తగ్గుతుంది. బొమ్మ కాపీ చేస్తే బొమ్మ తగ్గదు. కానీ ఇంతటితో లెక్క తేలిపోతుందా?

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి నర్సాపురం వెళ్ళేవారు మనలో ఎందరో ఉన్నారు. పంటు ఎలాగూ ఆవలి ఒడ్డుకు వెళ్తుంది. ఒక మనిషి ఎక్కువైనంత మాత్రాన మునిగిపోదు, ఆయిలూ ఎక్కువ కాలదు. అలాగని ఒకడు రేవు డబ్బులు ఎగ్గొట్టి ఎక్కితే మనం దాన్ని న్యాయమంటామా? అందరూ అలాగే ఎక్కితే మర్నాడు పంటు నడుస్తుందా? అతడు పంటు వారి వస్తువును దొంగిలించలేదు. వారి శ్రమకు రావలసిన ప్రతిఫలాన్ని దొంగిలించాడు.

పైగా మన సోదరుడు తాను ఊరకే ఎక్కడమే కాదు, ఇతరులను కూడా ఎక్కించి వారి దగ్గర రేవు డబ్బులు తాను వసూలు చేసుకుంటున్నాడు. పరాయి పంటు మీద తాను టిక్కెట్టు కొడుతున్నాడన్నమాట!

కాలువ నీటి ఉదాహరణ కూడా చూడండి. నీరు అల్లాహ్ ప్రసాదం, దాన్ని ఏ మనిషీ సృష్టించలేదు. నీరు, పచ్చిక, నిప్పు - ఈ మూడింటిలో ప్రజలంతా భాగస్వాములని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించారు (అబూ దావూద్). అయినా వంతు కాని వేళ గట్టుకు గండి కొట్టి నీరు మళ్ళించుకున్నవాణ్ణి శివారు రైతు క్షమిస్తాడా? మదీనాలో హర్రా కాలువల నీటి విషయమై హజ్రత్ జుబైర్ (రజి)కీ ఒక అన్సారీ సహచరునికీ తగాదా వచ్చినప్పుడు, దైవప్రవక్త (స) ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది నిర్ణయించి తీర్పు చెప్పారు (బుఖారీ). ఎవరూ సృష్టించని నీటిలోనే హక్కుల వరుసను గౌరవించమన్న ధర్మం, మనుషులు రాత్రింబవళ్ళు కష్టపడి తయారు చేసిన దాని మీద హక్కు లేదంటుందా?

షరీఅత్ ఏమంటుంది?

అన్-నిసా సూరా 29వ ఆయతులో అల్లాహ్ విశ్వాసులను హెచ్చరించాడు. ఒకరి సొమ్మును మరొకరు అన్యాయంగా తినకూడదు, పరస్పర అంగీకారంతో జరిగే వర్తకమైతేనే అది సమ్మతం. ఇక్కడ 'అంగీకారం' అన్నది కీలకం. తాళం వేసినవాడు తన అంగీకారం ఎంతవరకో స్పష్టంగానే చెబుతున్నాడు. అల్-మాయిదా సూరా మొదటి ఆయతు ఒప్పందాలను నెరవేర్చమంటుంది. యాప్‌లో 'అంగీకరిస్తున్నాను' అని నొక్కడం కూడా ఒక ఒప్పందమే. ఇంటివారి కోసం తీసుకున్న చందా పాస్‌వర్డును వీధివారందరికీ పంచడం ఆ ఒప్పందాన్ని మీరడమే.

కంటికి కనిపించని హక్కును సొమ్ముగా పరిగణించవచ్చా అన్న విషయంలో ధర్మవేత్తల మధ్య అభిప్రాయభేదం ఉండేది. ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మతుల్లాహి అలైహి) వంటి పెద్దలు గ్రంథ ప్రచురణ హక్కును అమ్మకపు వస్తువుగా అంగీకరించలేదు. జ్ఞానాన్ని దాచరాదన్నది ఈ పక్షాన గట్టి వాదన. ఆయన కుమారుడు ముఫ్తీ ముహమ్మద్ తఖీ ఉస్మానీ మాత్రం, నేటి వర్తక ఆచారాన్ని దృష్టిలో ఉంచుకుని ఈ హక్కును సమర్థించారు. 1988 డిసెంబరులో కువైట్‌లో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 5వ సమావేశం తన 43వ తీర్మానంలో రచన, నూతన ఆవిష్కరణ, వ్యాపార చిహ్నం వంటివి విలువ గల హక్కులనీ, షరీఅత్ వాటిని కాపాడుతుందనీ, వాటిని ఉల్లంఘించడం తగదనీ ప్రకటించింది.

గమనించండి! భేదాభిప్రాయం ఉన్నది హక్కును అమ్మడం గురించి. తాళం పగలగొట్టి, పరాయివాని శ్రమను తన సరుకుగా అమ్ముకోవడాన్ని అది సమర్థించదు. ఎవరికైనా ఇంకా సందేహం మిగిలితే, హలాల్, హరామ్ స్పష్టంగా ఉన్నాయనీ, వాటి నడుమ ఉన్న సందేహాస్పద విషయాలకు దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్నీ గౌరవాన్నీ కాపాడుకున్నట్టేననీ దైవప్రవక్త (స) చేసిన బోధ (బుఖారీ, ముస్లిం) చాలు.

మూడు సాకులు

మొదటిది: 'వాళ్ళు కోట్లకు పడగలెత్తినవారు, పైగా మన వాళ్ళు కారు.' మక్కావాసులు దైవప్రవక్త (స)ను హత్య చేయడానికి కుట్ర పన్నిన రాత్రి కూడా, వారు తన దగ్గర దాచుకున్న అమానతులను తిరిగి అప్పగించడానికి ఆయన హజ్రత్ అలీ (రజి)ని అక్కడే ఉంచి వెళ్ళారు. ప్రాణం తీయవచ్చిన శత్రువుల సొమ్మునే ఇంత భద్రంగా చేర్చారు! హజ్రత్ ముగీరా బిన్ షూబా (రజి) ఇస్లాం స్వీకరించక ముందు తన తోటి ప్రయాణికులను చంపి, వారి సొమ్ము తీసుకుని మదీనాకు వచ్చారు. దైవప్రవక్త (స) ఆయన ఇస్లాంను స్వీకరించారు గానీ ఆ సొమ్ముతో తనకే సంబంధమూ లేదన్నారు (బుఖారీ). యజమాని మతమూ, సంపదా చూసి హక్కు మారదు. అదీగాక నష్టం కోటీశ్వరుని దగ్గరే ఆగదు. నెలవారీ చందాల మీదనే బతికే పల్లెటూరి కేబుల్ ఆపరేటరు, అతని దగ్గర స్తంభాలెక్కి తీగలు లాగే కుర్రవాడు కూడా ఇందులో ఉన్నారు.

రెండవది: 'ఆ సినిమాలే మంచివి కావు, ఇక వాటికి హక్కేమిటి?' చూడదగినదా కాదా అన్నది ఒక ప్రశ్న. ఇతరుల హక్కును కాజేసి చూడవచ్చా అన్నది వేరే ప్రశ్న. చెడ్డదైతే మానుకోవాలి. మానుకోకుండా, పైగా ఊరకే చూడడం ఒక తప్పుకు మరొక తప్పును జోడించడమే అవుతుంది.

మూడవది: 'మేము పేదవాళ్ళం.' వినోదం అన్నం కాదు, మందు కాదు. అది లేకపోతే ప్రాణం పోదు. ధర్మసమ్మతంగా ఊరకే దొరికేది కూడా ఉంది. దూరదర్శన్ వారి ఫ్రీ డిష్‌కు నెలవారీ రుసుము లేదు. 2024 నవంబరులో ప్రసార భారతి 'వేవ్స్' అనే యాప్‌ను ప్రారంభించింది. ఇచ్చేవాడు ఇష్టపడి ఇస్తున్నప్పుడు, ఇష్టపడనివాని దగ్గర లాక్కోవడం ఎందుకు?

మన కళ్ళ ముందు జరిగినవి

2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' చిత్రం విడుదల కాకముందే దానిలో సగానికి పైగా బయటికి పొక్కింది. కృష్ణా జిల్లా పెడనలో ఆ కాపీలు అమ్ముడుపోతుండగా విషయం వెల్లడైంది. నిర్మాతలు హడావుడిగా సెప్టెంబరు 27న చిత్రాన్ని విడుదల చేశారు. అది బాగా ఆడింది. 'చూశారా, నష్టమేమీ లేదు!' అని కొందరన్నారు. దొంగ వచ్చిపోయిన ఏడు పంట బాగా పండితే దొంగతనం ధర్మమైపోతుందా?

2025 నవంబరులో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు 'ఐబొమ్మ' అనే సైటును నడిపాడన్న ఆరోపణ మీద ఒక వ్యక్తిని అరెస్టు చేశారు. నేరం రుజువు కావలసింది న్యాయస్థానంలో. కానీ ఆ సందర్భంగా పోలీసులు చెప్పిన ఒక మాట మనం చెవిన పెట్టుకోవాలి. ఆ సైటు ద్వారా బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం జరిగిందనీ, చూసినవారి వివరాలు లక్షల సంఖ్యలో పోగయ్యాయనీ వారు వెల్లడించారు. ఊరకే వచ్చిందనుకున్న బొమ్మ వెనుక జూదపు తలుపు తెరిచి ఉందన్నమాట. జూదాన్ని దివ్యఖుర్ఆన్ షైతాన్ పనిగా పేర్కొన్నదని మీకు తెలుసు. ఆ తలుపు ముందు మన పిల్లలను కూర్చోబెడుతున్నామా?

దేశ చట్టం కూడా కఠినంగానే ఉంది. 1957 కాపీరైటు చట్టం 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఇది వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలు హక్కుగా దొరకని నేరమని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2012 సవరణతో చేరిన 65-ఎ సెక్షన్ తాళం పగలగొట్టడాన్నే నేరం చేసింది. దీనికి 2 సంవత్సరాల వరకు జైలు పడవచ్చు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, సినిమాను దొంగచాటుగా రికార్డు చేసేవారికి 3 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా విధించారు. అది చిత్ర నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా పోవచ్చు.

తాళం వేసేవారి బాధ్యత

న్యాయం ఒకవైపే ఉండదు. తాళం వేసేవారు కూడా జవాబు చెప్పుకోవలసినవారే. దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడిసి ఉంది. ఆ తడిని పైకి కనిపించేలా ఉంచలేదేమని వర్తకుణ్ణి మందలించారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు (ముస్లిం). 'కొనండి' అని పెద్ద అక్షరాలతో రాసి, నిజానికి అది కొంతకాలపు అద్దె మాత్రమేనన్న షరతును ఎవరూ చదవని చోట దాచిపెట్టడం రాశి లోపలి తడి వంటిదే.

చట్టం కూడా తాళానికి హద్దు పెట్టింది. చదువు, పరిశోధన, విమర్శ, సొంత ఉపయోగం కోసం న్యాయంగా వాడుకోవడాన్ని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. అంధులు తదితర వికలాంగులకు అందుబాటులో ఉండే రూపంలోకి మార్చడానికి 2012 సవరణ వీలు కల్పించింది. 65-ఎ సెక్షన్ కూడా హక్కును హరించే ఉద్దేశంతో తాళం తీసినవారికే శిక్ష చెబుతుంది, చట్టం నిషేధించని పనికోసం తీసినవారికి కాదు. పెట్టెలోనే ఉన్న రికార్డింగు సదుపాయంతో ఒక కార్యక్రమాన్ని దాచుకుని, తీరికవేళ ఇంట్లో చూసుకోవడంలో తప్పు లేదు. దాని కాపీలు తీసి అమ్మడమే తప్పు.

ధార్మిక ప్రసంగాలు తయారు చేసే మన సోదరులకు ఒక విన్నపం. జ్ఞానం పంచితే పెరుగుతుంది. ఖర్చుకు తగిన ప్రతిఫలం తీసుకోండి, తప్పు లేదు. కానీ కొనలేని పేదవాడికి ఒక దారి తెరిచి ఉంచండి.

ఆ సోదరునికి మా సలహా

ప్రియ సోదరా! నీకు నిద్ర పట్టకపోవడం అల్లాహ్ నీ మీద చూపిన కారుణ్యం. మనసు మొద్దుబారినవానికి ఇలాంటి ప్రశ్న పుట్టదు.

మొదట, ఈ పని ఈ రోజే ఆపు. దుకాణంలోని కాపీలు తుడిచెయ్యి. పెట్టెలు అమర్చిన ఇళ్ళకు వెళ్ళి, ఇక నెలసొమ్ము తీసుకోనని దాపరికం లేకుండా చెప్పు.

రెండవది, నీ సంపాదన అంతా హరామ్ కాదు. రీఛార్జీలు, రిపేర్ల సొమ్ము నీ చెమట. కాపీల వల్ల వచ్చింది ఎంతో నిజాయితీగా అంచనా వేసి విడిగా రాసుకో. హక్కుదారులు ఎవరో తెలిసి, చేర్చే దారి ఉంటే వారికే చేర్చాలి. లేకపోతే పుణ్యం ఆశించకుండా, భారం దించుకునే ఉద్దేశంతో పేదలకు ఇవ్వాలని ధర్మవేత్తలు చెబుతారు. ఒక్కసారిగా ఇవ్వలేకపోతే అప్పు తీర్చినట్టు కొద్దికొద్దిగా తీర్చు. చీటీ సొమ్ములో ఏ భాగం ఎలా వాడాలో మీ ఊరి ఆలిముతో కూర్చుని మాట్లాడుకో. తనకు తెచ్చిపెట్టిన ఆహారం జ్యోతిష్యపు సొమ్ముతో వచ్చిందని తెలియగానే హజ్రత్ అబూబక్ర్ (రజి) గొంతులో వేలు పెట్టుకుని కక్కేశారు (బుఖారీ). మనం అంతటివారం కాకపోయినా, తెలిసిన తర్వాత మళ్ళీ తినకుండా ఉండగలం కదా!

మూడవది, నీ చేతి విద్యను ధర్మసమ్మతమైన దారిలో పెట్టు. చట్టబద్ధమైన చందాలు, డీటీహెచ్ రీఛార్జీలకు కమీషను ఉంటుంది. ఫైబర్, కేబుల్ కనెక్షన్లు ఇవ్వడం, సీసీ కెమెరాలు బిగించడం, ఫ్రీ డిష్ అమర్చడం నీకు చేతనైన పనులే. మొదటి నెలల్లో రాబడి తగ్గవచ్చు. దైవభీతి గలవానికి అల్లాహ్ దారి చూపుతాడనీ, అతను ఊహించని చోట నుంచి ఉపాధి కల్పిస్తాడనీ అత్-తలాఖ్ సూరా 2, 3 ఆయతులు హామీ ఇస్తున్నాయి.

పాఠకులకూ ఒక మాట. నమాజులు, ఉపవాసాలు, జకాతులు మోసుకుని ప్రళయదినాన వచ్చి, ఇతరుల హక్కులు కాజేసినందుకు ఆ పుణ్యాలన్నీ వారికి పంచి ఇచ్చుకుని చివరికి దివాలా తీసే మనిషి గురించి దైవప్రవక్త (స) హెచ్చరించారు (ముస్లిం). అమ్మేవాడు ఉన్నాడంటే కొనేవాళ్ళం మనం ఉండబట్టే. ఆ సోదరుడు రేపు దుకాణంలో పెన్‌డ్రైవు ఎక్కించనని చెప్పినప్పుడు, అతన్ని గేలి చేసి పక్క దుకాణానికి వెళ్ళకండి. అతని దగ్గరే ఒక రీఛార్జీ చేయించుకోండి. అతని తల్లి మందుల్లో, చెల్లెలి పెళ్ళిలో మీ హలాల్ సొమ్ము కూడా కలుస్తుంది.

అల్లాహ్ మనందరికీ హలాల్ ఉపాధిని ప్రసాదించి, పరుల హక్కుల భారం లేకుండా తన సన్నిధికి చేర్చుకొనుగాక! ఆమీన్.